పెద్దమావయ్య టీవీ, చిన్నమావయ్య చెట్టు

మా పెద్దమావయ్యకు బొమ్మ ఉండేది. చిన్నమావయ్యకు హిందీ ఉండేది. మధ్యలో కొబ్బరి మట్టల దడి ఉండేది. ఆ దడి పక్కన నేనుండేవాణ్ణి. తొంభైల్లో అమలాపురం దగ్గరి మా పల్లెలో ఒక డిటెక్టివ్ సీరియల్ పూర్తిగా అర్థం కావాలంటే ఇంత సరంజామా కావలసి వచ్చేది.

ముందు నా సంగతి చెబుతాను, తొందరగా అయిపోతుంది. ఎనిమిదో తరగతిలో మా లెక్కల మాస్టారూ నేనూ పరస్పర అంగీకారంతో విడిపోయాం. ఆయన సంతోషించారు, నేనూ సంతోషించాను. ఏడ్చింది మా అమ్మ ఒక్కతే. ఏడ్చి, నన్ను తన పెద్దన్నయ్య దగ్గరికి పంపింది. పెద్దమావయ్యది కొబ్బరికాయల వ్యాపారం. కాయల రాశి ముందు గునపం పాతుకుని, కాయ మీది పీచు డొక్క వలవడం నా ఉద్యోగం. సీరియల్ రోజులు వచ్చేసరికి నాకు ఇరవై దాటాయి. మీసం ఉంది, పెళ్ళి లేదు, ఆదివారం సెలవుంది.

మావయ్యలిద్దరూ ఒకప్పుడు ఒకే పెంకుటింట్లో, ఒకే పొయ్యి మీద వండుకు తిన్నవాళ్ళే. ఒక తుపాను వచ్చి వెళ్ళాక పంపకాలు పెట్టుకున్నారు. పెద్దమనుషులు పెరట్లో ఈ చివర నుంచి ఆ చివరకి తాడు పట్టారు. తాడుకి ఇవతల పెంకుటిల్లు పెద్దాయనకి. అవతల పెరడు, అందులో ఉన్న రెండు గదుల కొట్టు చిన్నాయనకి. ఆ పంపకంలో పాత పశువుల పాక పెంకులు ఎవరివన్న దగ్గర మాటా మాటా పెరిగింది, తర్వాత మాటలే ఆగిపోయాయి. పాక తుపానుకే కూలిపోయింది. పెంకులు సగం పగిలిపోయాయి. తగువు మాత్రం చెక్కుచెదరలేదు.

పెద్దమనుషులు చెంబులూ తపేలాలూ కూడా పంచారు గానీ ఒక్క సంగతి ఎవరికీ తట్టలేదు. టీవీ పెద్దమావయ్య సావిట్లో ఉంది. దాని ఏంటెన్నా చిన్నమావయ్య చెట్టు మీద ఉంది.

కోనసీమలో ఏంటెన్నా డాబా మీద పెడితే దానికి కొబ్బరాకులు తప్ప ఏమీ కనపడవు. చుట్టూ ఉన్న చెట్ల తలలు దాటి పైకి వెళితేనే బొమ్మ వస్తుంది. అందుకని పొడవాటి చెట్టు చూసి, దాని మొవ్వు పక్కన వెదురుగెడ కట్టి, ఆ గెడకి ఏంటెన్నా కట్టేవాళ్ళం. పెద్దమావయ్య వాటాలో పొడవాటి చెట్లన్నిటినీ తుపాను పడుకోబెట్టేసింది. ఆయనకి మిగిలినవి కొత్తగా పాతిన మొక్కలు. ఊరికి ఉత్తరాన్నుంచి చూసినా కనపడే చెట్టు ఒక్కటే నిలబడింది, అది చిన్నమావయ్యకి పడింది. చెట్టు మీంచి వైరు దడి దాటి, కిటికీలోంచి దూరి, టీవీ వెనక్కి వచ్చేది. అన్నదమ్ముల మధ్య మిగిలిన బంధుత్వం ఆ వైరే.

ఇక సీరియల్. ఆదివారం పొద్దున్న వచ్చేది. హీరో రిటైరైన పోలీసాఫీసరు. మనుషులు చొక్కాలు విప్పుకుని విసురుకుంటున్న వేసవిలో కూడా స్వెట్టర్ వేసుకుని, స్కూటరు మీద హత్యలకి వెళ్ళేవాడు. కథంతా నడిపి, చివర్లో కళ్ళజోడు తీసి తుడిచాడంటే హంతకుడు దొరికాడన్నమాట.

"ఆ జోడేదో రాగానే తుడుచుకుంటే మొదట్లోనే తేలిపోయేది కదరా" అనేవాడు పెద్దమావయ్య.

ఆయనతో పాటు ఒక ఇన్‌స్పెక్టరు ఉండేవాడు. ప్రతివారం తప్పు మనిషికి బేడీలు వెయ్యడం ఆయన డ్యూటీ. చేతికి దగ్గరగా ఎవరుంటే వాళ్ళకి వేసేసేవాడు. ఒక వారం చచ్చిపోయినాయన తల్లికి వేశాడు. ఆవిడ నడవలేని మనిషి.

ఆ సీరియల్లో బొంబాయి మొత్తానికి ఒక్కటే సోఫా. వారం వారం దానికి గుడ్డ మార్చి కొత్త షావుకారుని కూర్చోబెట్టేవారు. మా పెద్దత్త గుర్తుపట్టేసేది. "ఆ సోఫా వాళ్ళకి అచ్చి రాలేదర్రా. ఇచ్చెయ్యరెందుకూ ఎవరికైనా" అని నొచ్చుకునేది. షావుకారు అందులోనే చచ్చిపోయేవాడు. చచ్చిపోయాక పొట్ట ఎత్తుగా లేచి మళ్ళీ దిగేది. "ఇంకా ఊపిరుంది, మంచినీళ్ళు పట్టరేంటి" అని పెద్దత్త లేచి నిలబడేది. చుట్టూ ఉన్న పోలీసులంతా సాక్ష్యాల కోసం కార్పెట్టు కింద వెతుకుతూ ఉండేవారు.

చివర్లో డిటెక్టివు అనుమానితులందరినీ హాల్లోకి పిలిచేవాడు. అందరూ టైముకి వచ్చేవారు. హంతకుడైతే బొట్టు పెట్టి పిలిచిన పేరంటానికి వచ్చినట్టు ఇస్త్రీ బట్టల్లో, అందరికంటే ముందు వచ్చి కూర్చునేవాడు. మా ఊళ్ళో పెంకుల తగువు తీరుస్తాం రండని పెద్దమనుషులు కబురు పెడితే పెద్దమావయ్య కొబ్బరి బేరానికి అంబాజీపేట వెళ్ళాడు, చిన్నమావయ్యకి నడుం పట్టేసింది. ఏ హత్యా చెయ్యని వాళ్ళే అంత ఆలోచించారు.

ఇదంతా మాకు కనపడేది గానీ వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో తెలిసేది కాదు. పెద్దమావయ్య సావిట్లో వీధివీధంతా కూర్చునేది. అందులో హిందీ వచ్చినవాడు ఒక్కడూ లేడు. హిందీ అంతా దడి అవతల ఉంది.

చిన్నమావయ్య పెళ్ళికి ముందు కొబ్బరికాయల లారీల మీద ఉత్తరాది తిరిగాడు. ఆయన హిందీ చెక్‌పోస్టుల దగ్గరా, టైర్ల కొట్ల దగ్గరా, ధాబాల్లోనూ నేర్చుకున్నది. తెర మీద పోలీసులు మాట్లాడితే అక్షరం పొల్లుపోకుండా అర్థమయ్యేది. ప్రేమికులు మాట్లాడుకుంటే మాత్రం, "అది వాళ్ళ సొంత విషయంలే అల్లుడూ, మనకెందుకు" అనేవాడు.

అన్నగారి గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు కాబట్టి ఆయన దడి పక్కన మంచమేసుకుని మాట మాత్రం వినేవాడు. నేను సావిటి మెట్టు మీద, కిటికీకీ దడికీ మధ్యన కూర్చునేవాణ్ణి. బొమ్మ అటు చెప్పడం, మాట ఇటు చెప్పడం నా పని.

"ఏరా, ఎవరో నడుస్తున్నారు. బూట్లా, చెప్పులా?"

"బూట్లేనండి. మేడ మెట్లెక్కుతున్నాడండి."

"అయితే వాడే చంపేడు. ఇంట్లో మనిషి బూట్లతో లోపలికెందుకొస్తాడు?"

ఈ లెక్కన ఆ సీరియల్లో ప్రతివాడూ హంతకుడే. డిటెక్టివు కూడా. ఇంకో వారం డిటెక్టివు స్కూటరు మీద కారుని తరుముతున్నాడు. ముందు కారు మలుపు మలుపు దగ్గరా ఆగి, స్కూటరు వచ్చాక మళ్ళీ బయల్దేరుతోంది. ఆ సంగతి నేను చెప్పకుండానే చిన్నమావయ్య చెవి పెట్టి విని, "స్కూటరు రెండో గేరులో ఉంది. సైకిలు కూడా దొరకదు దానికి" అన్నాడు.

"కారుని పట్టేసేడండి."

"అయితే కారు తోసుకెళ్తున్నారన్నమాట."

నేను అది తీసుకొచ్చి సావిట్లో చెబితే పెద్దమావయ్య తెర వంక చూస్తూనే నవ్వేవాడు. అవతల వాళ్ళకి వినపడకుండా తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడు. టీవీ సౌండు మాత్రం ఎప్పుడూ చివరిదాకా తిప్పి ఉంచేవాడు. ఎందుకంటే "మీ పెద్దత్తకి చెవి ఆనటం లేదు" అనేవాడు. పెద్దత్తకి పెరట్లో కాయ రాలితే ఏ చెట్టుదో చెప్పేసేంత చెవి ఉంది. ఆవిడ ఏమీ అనేది కాదు. పిలిస్తే రెండోసారికి పలకడం అలవాటు చేసుకుంది.

ఇలా సుఖంగా హత్యలు జరిగిపోతుండగా చిన్నత్తకి వంటగది కావలసి వచ్చింది. ఆవిడ తప్పేమీ లేదు. తాటాకు చూరు కింద, రెండు రాళ్ళ మధ్య వండేది. వాన పడితే పొయ్యి ఆరేది, ఈదురుగాలికి పొగంతా మొహంలోకి కొట్టేది. ఇంకో వర్షాకాలం అలా వండనని చెప్పేసింది. మేస్త్రి వచ్చాడు. వంటగది ఆగ్నేయంలో తప్ప ఉండకూడదన్నాడు. చిన్నమావయ్య స్థలం ఎంతని, అందులో ఆగ్నేయం ఎంతని! మేస్త్రి దారం పట్టుకుని మూల కొలిచేసరికి సరిగ్గా ఆ మూలలో ఏంటెన్నా చెట్టుంది.

"చెట్టు తీసెయ్యాలండి" అన్నాడు మేస్త్రి.

చెట్టు కొట్టే ఆయనకి కబురు వెళ్ళింది. ఆయన ఆదివారం గానీ రాలేనన్నాడు. నేను ఈ సంగతి సావిట్లో చెబితే పెద్దమావయ్య, "వాడి చెట్టు, వాడిష్టం" అన్నాడు. అని, అన్నంలో చెయ్యి కడిగేసుకుని, తన వాటాలోని మొక్కల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అవి ఎంత ఎదిగాయో చూస్తున్నాడని దూరం నుంచే తెలిసింది. వాటికంటే ఆయన మోకాళ్ళే పైన ఉన్నాయి.

మర్నాడు నా చేత వెదురుగెడలు ఒకదానికొకటి కట్టించి, ఇంటి ముందు నిలబెట్టించి, పైన అరువు తెచ్చిన ఏంటెన్నా కట్టించాడు. తెర మీద ఇసుక రాలింది. ఇసుకలోంచి వార్తలు చదివే ఆవిడ గొంతు ఒక్కటే వచ్చింది.

"బొమ్మ లేకపోతే లేదు, రేడియో విందామండీ" అన్నాను.

"రేడియోకి నువ్వెందుకురా" అన్నాడు ఆయన.

నేను నవ్వబోయి మానేశాను. నిజమే. బొమ్మ పోతే నేను మెట్టు మీద కూర్చోనక్కర్లేదు. నేను మెట్టు మీద లేకపోతే, దడి అవతల నుంచి "ఏరా" అన్న పిలుపు ఈ ఇంట్లోకి రాదు. టీవీ పోవడం ఆయనకి ఒక ఎత్తు, ఆ గొంతు పోవడం ఒక ఎత్తు. చెట్టు కొట్టొద్దని తమ్ముణ్ణి అడగడం మాత్రం ఆయన వల్ల కాదు. ఆయన అడిగితే ఆపడం ఆయన తమ్ముడి వల్లా కాదు, ఎందుకంటే చిన్నత్త పొయ్యి నిజంగానే ఆరిపోతోంది.

ఆ వారం సీరియల్‌ది రెండు భాగాల కథ. మొదటి భాగం అయిపోయింది. పెద్ద బంగళా, అందులో షావుకారు. ఈసారి సోఫాలో కాదు, మెట్ల కింద పడి చచ్చిపోయాడు. ఆయనకో కూతురు. ఒక గుమస్తా. ఒక తోటమాలి. ఇంకా ఒక పడుచువాడు ఇంట్లోనే తిరుగుతూ, ఆ పిల్ల ఏడిస్తే తన రుమాలిచ్చి, పాలు తాగమని బతిమాలుతున్నాడు. వాడెవడని సావిడంతా ఒకటే ఆరాటం. చిన్నమావయ్యని అడిగాను.

"ఆ పిల్లకి మేనమావరా. తల్లికి చిట్టచివరి తమ్ముడట" అని చెప్పాడు.

నేను సావిట్లోకి తలపెట్టి, "మేనమావంటండి" అన్నాను. అంతే, కథ మొత్తం అందరికీ అర్థమైపోయింది.

"వరసైన వాడే" అంది పెద్దత్త. "ఈడూ జోడూ కూడా బాగుంది."

ఇంక హంతకుడి కోసం డిటెక్టివు రావలసిన పనేముంది? షావుకారు పిల్లని మేనమావకి ఇవ్వనని ఉంటాడు. ఎవరో బయటి సంబంధం చూసుంటాడు. మేనమావకి మండి, మెట్ల మీంచి తోసేశాడు. మా వైపు మేనరికం తప్పిస్తే తోసెయ్యరు గానీ, తరవాత పిలిచిన పెళ్ళికి మాత్రం రారు. బొంబాయి వాళ్ళు కాస్త తొందర మనుషులు కాబట్టి తోసేసి ఉంటారు. వారమంతా కాయలు వలిచే చోట, రేవు దగ్గర, టీ కొట్టు దగ్గర నేనే ఈ కేసు విడమరిచి చెప్పాను. ఒక్కడూ కాదనలేదు.

ఆదివారం వచ్చింది. చెట్టు కొట్టే ఆయన గొడ్డలీ మోకూ పట్టుకుని సీరియల్ కంటే ముందే వచ్చేశాడు. చిన్నమావయ్య మంచం మీంచి లేవలేదు.

"గొడ్డలి నూరేవా?"

"నూరేనండి, ఆయ్."

"ఇంకోసారి నూరుకో. చెట్టు గట్టిది."

ఆయన నూరుకుంటూ, ఆ చప్పుడుకి టీవీ వినపడటం లేదని చిన్నమావయ్య చేత తిట్టించుకుని, దడి పక్కన చతికిలబడి తనూ వినడం మొదలుపెట్టాడు. ఇవతల పెద్దమావయ్య కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకున్నాడు. ఆ రోజు శవం కూడా లేదు, చూసి నవ్వుకోవడానికి. అందరూ హాల్లోకి వచ్చారు. డిటెక్టివు కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. ఇన్‌స్పెక్టరు వెళ్ళి గుమస్తాని పట్టుకున్నాడు. తప్పు మనిషిని పట్టుకోవడం ఆయనకి మామూలే కనక మేము కంగారు పడలేదు. కానీ డిటెక్టివు వద్దనలేదు. మేనమావ వచ్చి పిల్ల తల మీద చెయ్యి వేశాడు. పేర్లు పడటం మొదలైంది.

తర్వాత పెద్దమావయ్య, "అవతలాయన సరిగ్గా విన్నాడో లేదో కనుక్కోరా" అన్నాడు.

చిన్నమావయ్య నేను అడిగేదాకా ఆగలేదు. "సరిగ్గానే విన్నానని చెప్పు. గుమస్తాయే. దొంగ సంతకాలు పెట్టేడు, షావుకారు చూసేసేడు."

"మరి పెళ్ళి మాటేంటో అడుగు."

"ఏ పెళ్ళో అడుగు."

"మేనమావకి పిల్లనిస్తానని ఇవ్వలేదు కదా, ఆ పెళ్ళి అని చెప్పు."

"అక్కడ మేనమావకి ఇవ్వరని చెప్పు. తండ్రి తరవాత తండ్రట. అలాంటి మాట అంటేనే కొడతారని చెప్పు."

నేను ఒకటి తీసుకెళ్ళేలోపు రెండోది వచ్చేస్తోంది. కాసేపటికి "చెప్పు"లూ "అడుగు"లూ రాలిపోయాయి. పెద్దమావయ్య మెట్టు దిగి దడి దగ్గరికి వచ్చాడు.

"లారీ మీద కూర్చుని పెళ్ళిళ్ళు చూసేవా నువ్వు?"

"ధాబా ఆయన కూతురి పెళ్ళిలో భోజనం చేసేను. వరసలు అడిగి తెలుసుకున్నాను."

"వడ్డించేవాణ్ణి అడిగేవా?"

"అన్నయ్యా, మూర్ఖంగా మాట్లాడకు."

ఇద్దరూ ఆగారు. నాకు ఎటు చూడాలో తెలియక ఒక కాయ తీసుకుని గునపం మీద పెట్టాను. సెలవు రోజు నేను చేసిన పని అదొక్కటే.

పెద్దమావయ్యే ముందు తేరుకున్నాడు. "నేను కళ్ళారా చూసేను. వాడు రుమాలిచ్చినప్పుడు ఆ పిల్ల మొహం నువ్వు చూడలేదు."

"ఆ పిల్ల వాణ్ణి ఏమని పిలిచిందో నువ్వు వినలేదు."

సావిట్లో టీవీ ఇంకా మోగుతూనే ఉంది. చిన్నమావయ్య చెయ్యి అడ్డం పెట్టి, తల వంచి విన్నాడు. "జనం అడిగేరట. సీరియలు మొదట్నుంచీ మళ్ళీ వేస్తారట" అన్నాడు.

"వెయ్యనీ. అప్పుడు తేలుతుంది."

"తేలుతుంది. ఇక్కడే నిలబడి తేల్చుకుందాం."

చెట్టు కొట్టే ఆయన గొంతు సవరించుకున్నాడు. "మరి చెట్టండీ?"

చిన్నమావయ్య చెట్టు వంక కింద నుంచి పైదాకా చూశాడు. "ఆగవయ్యా. ఈయనకి రుజువు చెయ్యాలి కదా."

"ఎన్నాళ్ళాగమంటారండీ?"

"ఈ కథ మళ్ళీ వచ్చేదాకా."

చిన్నత్త చూరు కింద నుంచి గరిటెతో బయటికి వచ్చింది. "వంటగదో?"

"ఆగ్నేయంలోనే."

"చెట్టో?"

"అదీ ఆగ్నేయంలోనే."

ఆవిడ భర్త వంక, బావగారి వంక, చివరికి నా వంక చూసింది. నేను కాయ వలవడంలో మునిగిపోయాను. ఆవిడ మేస్త్రిని పిలిపించి, గోడలు అనుకున్న చోటే లేపమని, చెట్టు సంగతి చెట్టు చూసుకుంటుందని చెప్పింది. అలా మా చిన్నత్త వంటగది మధ్యలోంచి ఒక కొబ్బరిచెట్టు లేచి, పెంకుల్లోంచి దూరి, ఆకాశంలోకి వెళ్ళిపోయింది. చుట్టూ ఉన్న సందులో గోనెసంచులు కుక్కి తారు పూశారు. అయినా వాన పడితే నీళ్ళు మాను వెంబడే దిగి నేల మీదకి వచ్చేవి. ఆవిడ దాని మొదట్లో చిన్న గట్టు కట్టించి, ఆ నీళ్ళలో గిన్నెలు తొలిచేది. పొగ మాత్రం ఆ సందులోంచే శుభ్రంగా బయటికి పోయేది. చూడవచ్చిన ఆడవాళ్ళకి ఆవిడ పొగ సంగతి ఒక్కటే చెప్పేది.

పై ఆదివారం పెద్దమావయ్య టీవీని సావిట్లోంచి తెచ్చి, దడికి ఎదురుగా అరుగు మీద పెట్టించాడు. "లోపల ఉక్కగా ఉందిరా" అన్నాడు. చిన్నమావయ్య గడప తొక్కలేదు. దడి మీద మోచేతులాన్చుకుని చూశాడు. నన్నెవరూ ఏమీ అడగలేదు. నాకు మొదటిసారి ఆ సీరియల్ మామూలుగా, కూర్చుని చూసే అవకాశం వచ్చింది. అంత బాగోలేదు.

మళ్ళీ వేస్తామన్న కథలు సగం దాకా వచ్చి ఆగిపోయాయి. ఆ రెండు భాగాల కథ దాకా రానే లేదు. చెట్టు అలా ఉండిపోయింది. రెండువేల సంవత్సరం దాటాక ఊళ్ళోకి కేబులు వచ్చింది. చిన్నమావయ్యా ఒక రంగుల టీవీ కొనుక్కున్నాడు. ఏంటెన్నాని కాయల దింపు తీసేవాళ్ళు ఒకసారి కిందకి తెచ్చి పడేశారు, అందులో అప్పటికే కాకి గూడు పెట్టుకుని ఉంది. కేబుల్లో పాత సీరియళ్ళు వేసే చానెల్ ఒకటుండేది. ఒక పొద్దున్న, చెప్పాపెట్టకుండా, మెట్ల కింద షావుకారు కనపడ్డాడు.

నేను అప్పటికి వేరే కాపురం. పనికి వచ్చి అరుగు మీద టీ తాగుతున్నాను. దడికి రెండు వైపులా రెండు టీవీల్లో ఒకే శవం. ఇద్దరూ పిలుచుకోలేదు. మొత్తం చూశారు. పెద్దమావయ్య రెండు చెవులా విన్నాడు, చిన్నమావయ్య రెండు కళ్ళా చూశాడు. డిటెక్టివు జోడు తుడిచాడు. గుమస్తా దొరికాడు. ఇద్దరూ దాదాపు ఒకేసారి బయటికి వచ్చారు.

"చూసేవా?" అన్నాడు చిన్నమావయ్య.

"చూసేను. మేనమావే. చివర్లో తల మీద చెయ్యి ఎలా వేసేడో చూడలేదూ? పాపం చేసినవాడి చెయ్యి అది."

"గుమస్తా వాడి నోటితో వాడే ఒప్పుకున్నాడు కదా!"

"కొడితే ఎవరైనా ఒప్పుకుంటారు."

చిన్నమావయ్య వంటగది పెంకుల్లోంచి లేచిన చెట్టు వంక చూశాడు. తర్వాత, "నీకు రుజువు చెయ్యాలని ఇన్నాళ్ళూ వంటింట్లో చెట్టు పెట్టుకుని కూర్చున్నాను. ఇవాళ కొట్టేయిస్తాను" అన్నాడు.

"కొట్టించుకో. నీ చెట్టు, నీ ఇష్టం."

అప్పటికే ఆ వంటగది కప్పు మోసే గుంజ చెదపట్టి పోతే, చిన్నమావయ్యే దూలాన్ని తీసుకెళ్ళి ఆ చెట్టుకి కట్టేసి ఉన్నాడు. చిన్నత్త లోపలి నుంచి, గొంతు పెంచకుండానే చెప్పింది.

"కొడితే కప్పు దిగిపోద్దండి. నా నెత్తిన పడుద్ది. మీ మేనమావొచ్చి ఎత్తుతాడా?"

ఇద్దరూ లోపలికి వెళ్ళిపోయారు, ఎవరింట్లోకి వాళ్ళు. టీవీలో తరవాతి కథ మొదలైంది.